సీసం డబ్బా మీద రాసి ఉన్నది

లింబాద్రి తాగుబోతు కాడు. ఖతార్‌లో మేమిద్దరం ఒకే గదిలో మూడేళ్ళు ఉన్నాం. ఆ మూడేళ్ళలో అతను చుక్క ముట్టగా నేను చూడలేదు. ఈ మాట ముందు రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను. మిగతాది నాకొచ్చిన జబ్బు గురించి. అదే జబ్బు నాకంటే ముందు అతనికి వచ్చింది. అది జబ్బు కాదు, తాగుడు అని సంతకం పెట్టి చెప్పినవాణ్ణి నేనే.

నా పేరు భూమన్న. నిజామాబాద్ వైపు పల్లె మాది. లింబాద్రి ఊరు మా ఊరికి మూడు బస్టాపుల దూరం. నాకు ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు, అతనికీ అంతే. నేను ఇంటర్ పాసయ్యాను, అతను నాలుగో తరగతితో ఆపేశాడు. మా మధ్య జరిగినదంతా ఈ తేడాలోంచే వచ్చింది.

2021 చలికాలం

మా కంపెనీ చిన్నది. ఎక్కడ పనుంటే అక్కడికి మనుషుల్ని పంపేది. ఆ చలికాలంలో మమ్మల్ని తొమ్మిది మందిని అల్ షహానియాకి పంపింది. ఒంటెల ఫారాలు దాటాక ఒక పెద్దాయన షెడ్డు ఉంది. సొంత మ్యూజియం లాంటిది. పాత కార్లు, పాత రేడియోలు, వాటన్నిటి మధ్య ఇనుప స్టాండు మీద ఒక విమానం ఇంజిన్. రెండో ప్రపంచయుద్ధం నాటిది. విమానం లేదు, ఇంజిన్ ఒక్కటే. వరల్డ్ కప్‌కి వచ్చే అతిథుల ముందు దాన్ని నడిపి చూపించాలని ఆయన కోరిక. ఆ రోజుల్లో ఖతార్‌లో రోడ్డు వేసేవాడికీ, చెట్టు నాటేవాడికీ అదే గడువు. మాకూ అదే.

ఇంజిన్ పని చూడటానికి ఒక ముసలి ఇంగ్లీషు మెకానిక్‌ని రప్పించారు. మంచి మనిషి. మొదటిరోజే మమ్మల్ని చుట్టూ నిలబెట్టి దాని సంగతి చెప్పాడు. నాకు సగం అర్థమైంది. మామూలు పెట్రోలు పోస్తే ఆ ఇంజిన్ లోపల మంట సమయానికి ముందే అంటుకుని, సుత్తితో కొట్టినట్టు టకటకమని మోగుతుందట. అలా మోగితే పిస్టన్లు పాడవుతాయట. యుద్ధంలో విమానాలు ఎక్కువ బరువుతో ఎక్కువ ఎత్తుకు పోవాలి కాబట్టి, ఆ మోత ఆపడానికి సీసంతో చేసిన ఒక ద్రవాన్ని పెట్రోల్లో కొద్దిగా కలిపేవారట. ఎంత కొద్దిగానో చిటికెన వేలి కొన చూపించాడు. ఇప్పుడు చిన్న విమానాలకు దొరికే నీలం పెట్రోల్లోనూ కొంత సీసం ఉంటుంది గానీ ఈ ఇంజిన్‌కి అది చాలదు. అందుకని ఆ ద్రవాన్ని విడిగా చిన్న డబ్బాల్లో తెప్పించారు.

ఆ డబ్బాలు నా స్టోర్‌కి వచ్చాయి. నేను స్టోర్‌కీపర్‌ని. నా గదికి కిటికీ లేదు, ఏసీ ఉంది. డబ్బా మూత తీస్తే కొంచెం తియ్యటి వాసన వచ్చేది. మొదట్లో అది నాకు నచ్చింది కూడా.

డబ్బాలతో పాటు నాలుగు పేజీల కాయితం వచ్చింది. దాన్ని చదివి మనవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పి, అందరి చేత సంతకాలు పెట్టించాలని ముసలాయన నాతో అన్నాడు. అర్థమైందా అని అడిగాడు. యెస్ సార్ అన్నాను.

గల్ఫ్‌లో పనిచేసిన వాళ్ళకు తెలుసు. పొద్దున్నే పని మొదలయ్యే ముందు నిలబెట్టి జాగ్రత్తలు చెబుతారు, కాయితం మీద సంతకాలు తీసుకుంటారు. పది మందిలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడుంటాడు. వాడు చదివితే అందరూ చదివినట్టే. మా గుంపులో ఆ ఒకడిని నేను. ఇంటి నుంచి వచ్చిన బ్యాంకు కాయితాలు, వీసా కాయితాలు, మందుచీటీలు అన్నీ నా దగ్గరికే తెచ్చేవారు. 'సదువుకున్నోడు' అనేవారు. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది.

ఆ నాలుగు పేజీల్లో నాకు అర్థమైనవి గ్లవ్స్, మంట, కళ్ళు అనే మాటలు. మిగతావి నోరు తిరగని పేర్లు. అర్థం కాలేదని ముసలాయనతో అనలేకపోయాను, మావాళ్ళతో అసలే అనలేకపోయాను. గ్లవ్స్ వేసుకోండి, సిగరెట్ ముట్టించకండి అని చెప్పి సంతకాలు తీసుకున్నాను. రెండు నిమిషాల పని. రబ్బరు గ్లవ్స్ ఒక్క పెట్టె వచ్చాయి, అవి మా చేతులకు చిన్నవై చిరిగిపోయాయి. కొత్తవి వచ్చేదాకా గుడ్డ గ్లవ్స్ ఇచ్చాను. గుడ్డ పెట్రోలుని పీలుస్తుందని తెలియక కాదు. అన్ని పనులకీ అవే ఇస్తాం కదా అనుకున్నాను.

లింబాద్రి ఊళ్ళో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పని నేర్చినవాడు. అందుకే ఇంజిన్ మీద అతన్నే పెట్టారు. పాత ప్లగ్గుల మీదా, పిస్టన్ల మీదా బూడిదరంగు పెచ్చు గట్టిగా పట్టి ఉండేది. కాలిన సీసమది. అతను తీగ బ్రష్‌తో గీకి నోటితో ఊదేవాడు. డ్రమ్ములోంచి పెట్రోలు తీయాలంటే గొట్టం పెట్టి నోటితో లాగేవాడు. పనయ్యాక అదే పెట్రోలుతో చేతులు కడుక్కునేవాళ్ళం, గ్రీజు తొందరగా పోతుందని. తర్వాత సబ్బు, తర్వాత అన్నం. మన దగ్గర ఏ మెకానిక్ షాపులోనైనా ఇంతే. మాకది తప్పనిపించలేదు.

జనవరిలో ముసలాయన భార్యకు ఆపరేషన్ అని సెలవు మీద వెళ్ళాడు. రెండు నెలలన్నది ఎనిమిది నెలలైంది.

2022, రంజాన్ ముందు

లింబాద్రికి మొదట నిద్ర పోయింది. తర్వాత కడుపులో నొప్పి. మూడు రోజులకోసారి కూడా విరేచనం కాదు. మనిషి చిక్కిపోయాడు. నవ్వుతూ ఉండేవాడు కాస్తా చిన్నమాటకు కస్సుమనేవాడు. కూర్చుని కూర్చుని చేతుల మీద ఏదో దులుపుకునేవాడు. ఏందిరా అంటే చీమలు అనేవాడు. అక్కడ చీమలు లేవు.

ఒకరోజు మధ్యాహ్నం స్టోర్‌కి వచ్చి డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"భూమన్నా, దీని మీద ఏం రాసున్నదో జర సదివి చెప్పు."

డబ్బా తిప్పి చూశాను. పుర్రె బొమ్మ ఉంది. ఎర్రటి అక్షరాలున్నాయి. మొదటి మాటే నాకు పలకరాలేదు.

"ఏముంటది. మంట కాడ పెట్టొద్దు, చేతికి అంటనియ్యొద్దు. పెట్రోల్ డబ్బ మీద ఏముంటదో గదే."

"గింత చిన్న డబ్బకు గంత పెద్ద రాతనా?"

"ఇంగ్లీషోళ్ళు గట్లనే రాస్తరు."

"ఏమో. ఈ పనికి ఒచ్చినకాన్నుంచే నా పానం బాగుంట లేదు."

"ఎండలు మొదలైనయి. నీళ్ళు మంచిగ తాగు."

"నువ్వు సదువుకున్నోడివి, నీకెరుక," అని డబ్బా ఉన్నచోటే పెట్టి వెళ్ళాడు. అతను తిట్టలేదు, అనుమానించలేదు. నమ్మాడు.

ఇది రాయడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. ఎందుకంటే ఆ సాయంత్రం నాకూ అనుమానం వచ్చింది. ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికైనా పంపితే ఐదు నిమిషాల్లో తెలిసేది. పంపలేదు. తెలిస్తే, ఇన్నాళ్ళూ చదవకుండా సంతకాలు ఎందుకు తీసుకున్నావని నన్నడుగుతారు.

రంజాన్‌లో పని మధ్యాహ్నానికే ఆపేసేవారు. అలాంటి ఒకరోజు పన్నెండు కావస్తుండగా, ముసలాయన బదులు వచ్చిన కొత్త ఫోర్‌మన్ ఏదో అన్నాడని లింబాద్రి చేతిలోని పెద్ద స్పానర్ విసిరాడు. ఎవరికీ తగల్లేదు, పాత కారు అద్దం పగిలింది. అతను నిలబడ్డచోటే వణుకుతూ కూలబడ్డాడు. పట్టుకోవడానికి వెళితే నన్నెవరో అనుకుని చూశాడు.

మేముండే లేబర్ క్యాంప్ ఆఫీసర్ నన్ను పిలిచాడు. నువ్వు అతని గదిలోనే ఉంటావు కదా అని, హిందీలో ఒక్క ప్రశ్న వేశాడు. "పీతా హై క్యా?"

తాగుతాడా అని. అది ఆయనకూ సులువైన దారే. తాగుడు అంటే మనిషిని పంపించెయ్యొచ్చు. పని వల్ల వచ్చిన జబ్బంటే కాయితాలు బయటికి తీయాలి. ఆ కాయితాల్లో నా సంతకం ఉంది.

"కభీ కభీ," అన్నాను. అప్పుడప్పుడు.

రెండు మాటలు. ఆయన రాసుకుని కాయితం నా వైపు తిప్పాడు. సాక్షి అన్నచోట సంతకం పెట్టాను.

పది రోజుల్లో, తాగుడు వల్ల పంపుతున్నామని కాయితం చేతికిచ్చి లింబాద్రిని విమానం ఎక్కించారు. నేనేం చెప్పానో అతనికి తెలియదు. వెళ్ళేరోజు తన రైస్ కుక్కర్ నాకిచ్చి, మూత సరిగ్గా పట్టదు, మీద బరువు పెట్టు అని చెప్పాడు.

జూన్ నుంచి ఆగస్టు

నా వంతు జూన్‌లో మొదలైంది. కడుపులో ఎవరో తాడు మెలిపెడుతున్నట్టు నొప్పి. క్లినిక్‌లో గ్యాస్ అని మాత్రలిచ్చారు. తగ్గలేదు. మరో మాత్ర ఇచ్చారు. నోట్లో ఎప్పుడూ ఇనుప రుచి. నిద్ర పట్టదు, పడితే పిచ్చి కలలు. అందరి మీదా కోపం.

లింబాద్రికి ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను. అయినా ఇది అదే అని ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. క్లినిక్‌లో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా టీవీలో స్టేడియంలు, వరల్డ్ కప్‌కి ఇంకా ఎన్ని రోజులో లెక్క చూపించేవారు. ఆ అంకె తగ్గుతుంటే నాకు భయం పెరిగేది. కారణం ఏమీ లేదు. ఏ అంకె చూసినా భయమే.

ఇంటికి ఫోన్ చేయడం తగ్గించాను. చేస్తే గొడవ. కూతురు డిగ్రీ పాసైందని నా భార్య సుజాత సంతోషంగా చెబితే, "అయితే ఏంది?" అన్నాను. పక్కనే ఉన్న కూతురు విన్నది. మరో రోజు సుజాత ఇంటి పైకప్పు కారుతోందని చెప్పడం మొదలుపెట్టగానే అరిచాను. ఆమె నేను ఆపేదాకా ఆగింది.

"నిజం చెప్పు. నువ్వు గూడ లింబాద్రి లెక్క మొదలువెట్టినవా?"

"ఏం మొదలువెట్టిన?"

"తాగుడు."

"తాగుత లేను సుజాతా."

"ఆయన గూడ గట్లనే అంటున్నడట. గంగమణి చెప్పింది."

గంగమణి లింబాద్రి భార్య. ఫోన్ పెట్టేశాను. తాగలేదని చెప్పినా నా భార్యే నమ్మడం లేదు. అక్కడ లింబాద్రి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు, ఎంతమందికి చెప్పి ఉంటాడు అనిపించింది. అతని మాటకు ఎదురుగా నా సంతకం ఉంది.

ఆగస్టు మధ్యలో నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడటం మొదలుపెట్టింది. వేళ్ళు ముడవగలను, చెయ్యి పైకి లేపలేను. తాళం తిప్పలేక స్టోర్ ముందు నిలబడి ఉండగా సూరిబాబు చూశాడు.

సూరిబాబుది గోదావరి జిల్లా. అల్ ఘర్రాఫాలో ఒక ఇంట్లో డ్రైవరు. వాళ్ళ యజమాని మా షెడ్డు పెద్దాయనకు చుట్టం కావడంతో తరచూ వచ్చేవాడు, పోతూ పోతూ నన్ను క్యాంప్ దగ్గర దింపేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. అతను నన్నేమీ అడగలేదు. యజమానురాలికి ఫోన్ చేసి పర్మిషన్ తీసుకుని నన్ను దోహా పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

నాలుగు గంటలు కూర్చున్నాం. సూరిబాబు క్యాంటీన్ నుంచి పెరుగు తెచ్చి, నా ఎడమచేతికి చెంచా ఇచ్చాడు. పక్కన కూర్చున్న నేపాలీ అతను నా టోకెన్ నంబరు మోగినప్పుడు తట్టి లేపాడు. అంత గోలలో కునుకు పట్టింది నాకు.

డాక్టరు సూడాన్ మనిషి. చెయ్యి చూశాడు, కడుపు నొక్కాడు. బొటనవేలితో నా కింది పెదవి లాగి చిగుళ్ళు చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. స్టోర్‌కీపర్ అన్నాను. బ్యాటరీలా, రంగులా అని అడిగాడు. కాదన్నాను. ఆయన రాసుకోబోతుంటే తలుపు దగ్గర నిలబడ్డ సూరిబాబు తెలుగులో కల్పించుకున్నాడు.

"ఆ నీలం పెట్రోలు సంగతి చెప్పండి అన్నయ్యా. మీరు ఎక్కినప్పుడల్లా మా మేడమ్ గారి కారంతా అదే కంపండీ బాబూ. ఆవిడ నన్ను తిడతన్నారు."

చెప్పాను. విమానం ఇంజిన్, నీలం పెట్రోలు, చిన్న డబ్బాలు. డాక్టరు పెన్ను కింద పెట్టి, డబ్బా ఫొటో ఉందా అన్నాడు. సూరిబాబు స్టోర్‌లో మిగిలిన మా మనిషికి ఫోన్ చేసి తెప్పించాడు. డాక్టరు ఆ ఫొటోని పెద్దది చేసి చదివాడు. నాకు పలకరాని మాట ఆయన ఒక్క ఊపిరిలో పలికాడు.

సెప్టెంబరు, అక్టోబరు

రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. నర్సు నాకు హిందీలో అర్థమయ్యేలా చెప్పింది. ఒక భాగం ఆ ద్రవం నుంచి చర్మం గుండా, ఊపిరి గుండా వచ్చింది. ఒక భాగం ఆ బూడిద పొడి నుంచి వచ్చింది. ఒంట్లోకి పోయిన సీసం తనంతట తాను తొందరగా పోదు. ఎముకల్లో కూర్చుంటుంది.

నీతో ఇంకా ఎవరు పనిచేశారని డాక్టరు అడిగాడు. తొమ్మిది మందిమి, ఒకతను ఇంటికి వెళ్ళిపోయాడు అన్నాను.

అతనెలా ఉన్నాడు అని అడిగాడు.

బాగున్నాడు అన్నాను.

సంతకం పెట్టినప్పుడు నాకు ఖచ్చితంగా తెలియదని ఎవరితోనైనా అనొచ్చు. ఈ మాటకు ఆ సాకు కూడా లేదు. అప్పటికి నాకు అంతా తెలుసు.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే మాత్రలు ఇచ్చేవారు. నా ఒంటికీ, చెమటకీ అదే వాసన. మలయాళీ నర్సు ఒకావిడ ముక్కు మూసుకోకుండా దగ్గర నిలబడి నా చేత మింగించేది. వేలాడే చేతికి అట్టముక్క పెట్టి కట్టు కట్టి, గోళ్ళు కూడా కత్తిరించింది. ఎనిమిదో రోజుకి కడుపునొప్పి తగ్గింది. నొప్పి తగ్గాక ఆలోచించడానికి తీరిక దొరికింది, అది నొప్పికంటే కష్టమైంది.

గంగమణి నంబరు నుంచి ఫోన్లు వచ్చేవి. ఎత్తేవాణ్ణి కాదు. ఒక శుక్రవారం సూరిబాబు కమలాపళ్ళు పట్టుకొచ్చాడు. ఫోన్ అతని చేతి పక్కనే మోగింది.

"ఎవరండీ ఈ గంగమణి? నేనొచ్చాక ఇది మూడోసారి."

అతనికి మొత్తం చెప్పాను. కాయితం, డబ్బా, 'కభీ కభీ', డాక్టరుకి చెప్పిన మాట. అతను పండు వలుస్తూ విన్నాడు. వలిచిన తొనలు నా ముందు పెట్టాడు.

"సంతకం సంగతి నేనేం అనను అన్నయ్యా. ఉద్యోగం పోద్దని భయం ఎవడికైనా ఉంటాది. కానీ ఆయన బాగున్నాడని డాక్టరుగారితో అన్నారు చూడండి..." అని ఆగాడు. తర్వాత, "మీరిక్కడ మాత్రలు మింగుతున్నారు. ఆయనకి ఎవరిస్తారండీ?" అన్నాడు.

పరీక్ష ఫలితం వచ్చిన పంతొమ్మిదో రోజు నేను గంగమణికి ఫోన్ చేశాను.

నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది. లింబాద్రిని తాగుడు మాన్పించే సెంటర్లో పెట్టారు. నాలుగు నెలలైంది. వణుకు తగ్గడం లేదు, చెయ్యి పడిపోయింది. తాగలేదని మొత్తుకుంటుంటే, అందరూ అట్లనే అంటరని అక్కడివాళ్ళు నవ్వుతున్నారు.

"డాక్టర్ అడుగుతున్నడన్నా, రోజుకెంత తాగెటోడని. నువ్వు దగ్గరున్నోడివి. దాచకుండ చెప్పు, నేనేం అనుకోను."

"తాగలేదు చెల్లె. ఒక్కనాడు గూడ తాగలేదు."

నేను మిగతాదంతా చెప్పాను. సంతకం పెట్టింది నేనేనని కూడా చెప్పాను. మధ్యలో ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పరీక్ష పేరేంది?" అంది చివరికి.

చెప్పబోయాను.

"నోటితోని వద్దన్నా. కాయితం పంపు. నీ డాక్టర్ తోని రాయించి పంపు."

డాక్టరు దగ్గరికి వెళ్ళి, బాగున్నాడని నేను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన లెటర్ రాయడానికి కూర్చున్నాడు. తనకేమీ సంబంధం లేని మనిషి కోసం రెండు పేజీలు రాశాడు. ఏ పరీక్ష చేయాలో, ఏ మందు ఇవ్వాలో, ఇది తాగుడు అని ఎందుకు పొరపడతారో అన్నీ రాసి, కింద తన ఫోన్ నంబరు వేశాడు. దాన్ని గంగమణికి పంపాను. ఆమె లింబాద్రిని సెంటర్ నుంచి తీసుకుని హైదరాబాద్ పోయింది. ఖతార్ వదిలి ఐదు నెలలు దాటినా అతని రక్తంలో సీసం నాకంటే తక్కువేం లేదు.

చేయవలసిన మరో పని క్యాంప్ ఆఫీసులో ఉంది. నా సాక్ష్యం అబద్ధమని ఎడమచేత్తో రాసిచ్చాను. మిగతావాళ్ళకి రక్తపరీక్ష చేయించమని కూడా రాశాను. ఇంకో ఇద్దరికి వచ్చినట్టు తేలింది, తొందరగా పట్టుకోవడంతో వాళ్ళు కోలుకున్నారు. వాళ్ళలో ఒకతను నాతో ఇప్పటికీ మాట్లాడడు. అతనిది న్యాయమే.

ముసలి ఇంగ్లీషాయన సెలవు నుంచి వచ్చాక నన్ను చూడటానికి ఆసుపత్రికి వచ్చాడు. నువ్వు చదివావనే అనుకున్నాను అన్నాడు. చదివాను సార్, అర్థం కాలేదు అన్నాను. నేను ఇంకోసారి అడగాల్సింది అని ఆయన తలపట్టుకున్నాడు. తప్పు తనదే అన్నట్టు మాట్లాడుతుంటే నాకు సిగ్గేసింది.

ఇంజిన్ నడవలేదు. వరల్డ్ కప్ వచ్చింది, వెళ్ళింది. ఆ నెలంతా దోహాలో జెండాలు, పాటలు. నేను చెకప్ కోసం క్యూలో నిలబడి వాటిని చూశాను.

2023, ఊళ్ళో

జనవరిలో వచ్చేశాను. నా చెయ్యి ముప్పావు వంతు వచ్చింది. సుజాతకు విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడే దారిలో అన్నీ చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ విని, "నన్ను తిట్టినదానికి జబ్బు అనుకుంట. లింబాద్రికి చేసినదానికి ఏమనుకోవాలె?" అంది. రెండు నెలల దాకా మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకీ, ఇక్కడ బ్యాటరీల దగ్గర, పాత రంగులు గీకేచోట పనిచేసేవాళ్ళకీ ఒక్కటే చెప్పగలను. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నొప్పి ఎక్కడో చెప్పడంతో ఆగకండి. ఏం పట్టుకుంటారో, ఏం పీలుస్తారో, దేనితో చేతులు కడుక్కుంటారో చెప్పండి. కాయితం చదివే పని మీకు అప్పజెపితే, రాని మాట దగ్గర రాదు అనండి. అంతకంటే పెద్ద జాగ్రత్త నాకు తెలియదు.

నేను లింబాద్రి ఇంటికి పోవడానికి మార్చి దాకా ఆగాను. పోయేసరికి అతను వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. ఎడమచేత్తో. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఇంకా వాలే ఉంది, అది ఇక అంతేనట. నన్ను చూసి మంచం చూపించాడు. మంచం అంచున కూర్చున్నాను.

"ఇంజిన్ నడిచిందా?" అని అడిగాడు.

"లేదు."

"అరె. గంత గీకితిమి గద."

తప్పైందన్నాను. కాళ్ళ మీద పడబోతే మోకాలు అడ్డం పెట్టాడు. గడ్డి సర్దుతూ అన్నాడు.

"సంతకం గురించి గంగమణి చెప్పింది. దానికి బాధ లేదంటే అబద్ధం. గని నాకు యాదికొచ్చేది గది కాదు భూమన్నా. డబ్బ సదువుమన్న రోజు యాదికొస్తది. సదవరాదు అని ఒక్క మాటంటే అయిపోవు గద. నాకు గూడ రాదు. నేనేమన్న నవ్వుదునా?"

కింద పడ్డ గడ్డిపోచలు ఏరి బర్రె ముందు వేశాను.

గంగమణి లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె నాతో తప్పు గురించి మాట్లాడలేదు. హైదరాబాద్ కాయితాలు అందరికీ చూపించానని, ఎవరూ నమ్మలేదని చెప్పింది. మొగని తాగుడు కప్పిపుచ్చుకోవడానికి డాక్టర్ తోని రాయించుకుందని అంటున్నారట. కల్లు దుకాణం ముందునుంచి పోతే లింబాద్రిని పేరుపెట్టి పిలిచి నవ్వుతున్నారట. అతను మళ్ళీ ట్రాక్టర్ పనికి పోదామంటే, తాగుబోతు చేతికి బండి ఎట్ల ఇస్తామంటున్నారట.

"ఇంట్ల కూసొని తప్పయిందంటే నాకేమొస్తదన్నా? రేపు పొద్దుగాల పాల కేంద్రం కాడికి రా. అందరు ఆడుంటరు. ఆడ చెప్పు."

తెల్లారి మొదటి బస్సుకి వెళ్ళాను. పాల కేంద్రం ముందు క్యాన్లు పట్టుకుని ఇరవై మంది దాకా ఉన్నారు. లింబాద్రి రాలేదు, గంగమణి తన క్యాన్‌తో వరుసలో ఉంది. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. పాలు కొలిచే సెక్రటరీ పక్కన నిలబడ్డాను. నేను ఫలానా ఊరి భూమన్నను, లింబాద్రితో ఖతార్‌లో ఉన్నాను అని మొదలుపెట్టాను.

"దుబాయ్ కెళ్ళి ఇద్దరు గలిసే తాగొచ్చినట్టున్నరు, పొద్దుగాల పొద్దుగాల," అన్నాడొకడు. నవ్వారు.

నవ్వు అయ్యేదాకా ఆగి మొత్తం చెప్పాను. అతను తాగలేదని, తాగుతాడని రాసిచ్చింది నేనని, అది అబద్ధమని. పెట్రోల్లో కలిపే సీసం అతని ఒంట్లోకి పోయిందని, అదే నా ఒంట్లోకీ పోయిందని. చెయ్యి చాపి, మణికట్టు ఎలా వాలుతుందో చూపించాను. సెక్రటరీ కొలత ఆపి విన్నాడు. ఒక ముసలమ్మ అడిగింది, అయితే ఆ చీమలు దులుపుకునుడు పిచ్చి కాదా బిడ్డా అని. కాదన్నాను. రాసిస్తవా అని సెక్రటరీ అడిగాడు. రాసిస్తానన్నాను. అక్కడే, పాల లెక్కల పుస్తకంలోంచి ఆయన చింపి ఇచ్చిన కాయితం మీద, తెలుగులో రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని అందరికీ వినపడేలా చదివి, గోడకు అంటించి, తర్వాతి క్యాన్ తెమ్మన్నాడు.

వరుస కదిలింది. గంగమణి పాలు పోసి, ఖాళీ క్యాన్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"మాపటికి గూడ రా అన్నా," అంది. "పొద్దుగాల సగం మందే ఒస్తరు."

వస్తానన్నాను.